కొండ హక్కు గూడెం సభలోనే తేలాలి

బొలీవియా 2009లో కొత్త రాజ్యాంగం రాసుకుని తాను బహుజాతుల రాజ్యమని ప్రకటించుకుంది. వలసపాలనలో బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల సంతతికి కూడా 32వ అధికరణంలో ఆదివాసుల హక్కులే రాసింది. ఆదివాసులు తమ ఆచారం ప్రకారం చెప్పుకునే న్యాయానికి మామూలు కోర్టులతో సమాన స్థాయి ఇచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే, 2010 డిసెంబరులో, 073 నంబరు చట్టం వచ్చి ఆ న్యాయం ఏయే వ్యవహారాల్లో తలదూర్చకూడదో పెద్ద పట్టిక వేసింది.

కాగితం మీద ఇచ్చి అమలు దగ్గర లాక్కోవడం సిక్కోలు కొండలకూ తెలుసు. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు చేసిన అడవి సర్కారుదైంది, అందులో పోడు నేరమైంది. మందస, మెళియాపుట్టి మండలాల్లో చాలా సవర గూడేలు షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవు కాబట్టి, గిరిజన ప్రాంతపు భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం కాపలా కూడా వాటికి దక్కలేదు. 2006 అటవీ హక్కుల చట్టానికి మాత్రం ఆ హద్దు అడ్డు కాదు. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి, నాలుగు హెక్టార్ల వరకు, గిరిజన కుటుంబం ఆర్‌ఓఎఫ్‌ఆర్ (అటవీ హక్కుల గుర్తింపు) పట్టా అడగొచ్చు.

దరఖాస్తు ఇవ్వాల్సింది గ్రామసభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీకి. దాన్ని తీసుకునే, కొట్టేసే అధికారం అటవీ శాఖ బీటు ఆఫీసరుకు లేదు, ఏ ఒక్క అధికారికీ లేదు. సభ గూడెంలోనే పెట్టించండి. పంచాయతీ కేంద్రంలో పెడితే కొండ దిగి వచ్చేవాళ్లు తగ్గిపోతారు. కోరానికి సభ్యుల్లో సగం మంది కావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. ఆ లెక్క తప్పిందంటే తీర్మానం నిలవదు.

ఆధారాలు ఒకటికి మించి ఉండాలి. రేషన్ కార్డు, ఓటరు కార్డు, పొలంలో పాత గట్లు, దరఖాస్తు పెట్టని పెద్దల వాంగ్మూలం, అన్నీ పనికొస్తాయి. వాంగ్మూలమే ముందు రాయించండి, ఆ రోజులు గుర్తున్నవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. ఉపగ్రహ చిత్రంలో సాగు కనిపించలేదంటే ఒప్పుకోకండి. బీడు పెట్టిన పోడు పైనుంచి అడవిలాగే ఉంటుంది. ఆ చిత్రం మిగతా ఆధారాలకు తోడే గాని బదులు కాదని ఈ చట్టం నియమాల్లో 12ఎలోనే ఉంది.

పొలం పరిశీలన తేదీని అటవీ, రెవెన్యూ శాఖలకు రాతపూర్వకంగా తెలిపి, అందినట్టు సంతకం తీసుకోండి. తర్వాత వాళ్లు ‘మేం లేనప్పుడు చూశారు’ అని అడ్డం తిరిగితే మళ్లీ పరిశీలన జరుగుతుంది. దానికీ రాకపోతే గ్రామసభ మాటే ఖాయం.

చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు ఏరుకునే అడవి కోసం ఫారం-సి (ఊరి ఉమ్మడి అడవి మీద హక్కు కోరే దరఖాస్తు) వేరేగా పెట్టాలి. పట్టాల హడావుడిలో దీన్ని వదిలేయడం పెద్ద నష్టం, ఊరంతా కాపాడుకునే హక్కు దీనితోనే వస్తుంది. పక్క గూడెంతో హద్దు ముందే కుదుర్చుకోండి.

తిరస్కరిస్తే కారణంతో సహా దరఖాస్తుదారుకే నేరుగా తెలపాలి. అక్కణ్నుంచి 60 రోజుల్లో పై కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు.