మూతి వంకరపోయినప్పుడు వినిపించే ఇంగ్లీషు ధైర్యవచనాలు

ఇంగ్లండులో బెల్స్ పాల్సీ, అంటే మొహంలో ఒక పక్క కండరాలు ఉన్నట్టుండి చచ్చుబడటం, వస్తే పరామర్శలు కూడా మొహం మీదే వాలతాయి. నాకు ఒకరు ‘చిన్ అప్’ అన్నారు, ఇంకొకరు ‘గ్రిన్ అండ్ బేర్ ఇట్’ అన్నారు. గడ్డం పైకెత్తగలను గానీ, నవ్వి ఓర్చుకోవడానికి నవ్వు ఒక పక్కే వస్తోంది. ఇక ‘స్టిఫ్ అప్పర్ లిప్’, అంటే పై పెదవి వణక్కుండా నిబ్బరంగా ఉండటం, నా కుడి సగానికి అడక్కుండానే దక్కింది. అది అచ్చమైన బ్రిటిష్ మాట అనుకుంటాం గానీ, తొలిసారి అచ్చులో కనిపించింది 1815లో, అమెరికాలోని ఒక మసాచుసెట్స్ పత్రికలో.

మొదటి రోజు మాత్రం నిబ్బరం పనికిరాదు, పరుగే కావాలి. ముందు అది స్ట్రోక్ కాదని తేలాలి. నుదుటికి మెదడు రెండు వైపుల నుంచీ ఆదేశాలు వెళ్తాయి. అందుకే సాధారణంగా స్ట్రోక్‌లో మూతి జారినా నుదురు మామూలుగా ముడతపడుతుంది. బెల్స్ పాల్సీలో దెబ్బతినేది నేరుగా మొహం కండరాలను కదిలించే ఏడో కపాల నాడి కాబట్టి నుదురు, కన్ను, నోరు మూడూ పడిపోతాయి. ఈ తేడా అద్దంలో చూసుకుని ఇంట్లో కూర్చోకూడదు, డాక్టరే తేల్చాలి. చెయ్యి, కాలు బలహీనపడినా, మాట తడబడినా ఇక్కడైతే 999, మన ఊళ్లోనైతే 108.

మందు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. లక్షణాలు మొదలైన 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. సాధారణంగా రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున పది రోజులు రాస్తారు. పొద్దున టిఫిన్ తిన్నాకే వేసుకోవాలి. సాయంత్రం వేసుకుంటే నిద్ర పట్టదు. షుగరు ఉన్నవాళ్లకు ఇది షుగరు పెంచుతుంది, కాబట్టి ఆ సంగతి ముందే చెప్పాలి. 2007లో వెలువడిన స్కాట్లండ్ అధ్యయనంలో తొమ్మిది నెలలకు పూర్తిగా కోలుకున్నవారు ఈ మందుతో 94 శాతం, మందు లేకుండా 82 శాతం. చెవిలో గానీ చుట్టూ గానీ పొక్కులు కనిపిస్తే అది వేరే జబ్బు, వైరస్ మందు కూడా కావాలి.

అసలు ప్రమాదం కంటికి. రెప్ప మూతపడదు, నల్లగుడ్డు ఎండిపోతుంది. పగలు కృత్రిమ కన్నీటి చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్. అది వేసుకుంటే చూపు మసకబారుతుంది, అందుకే పడుకునే ముందే వేసుకోవాలి. చేతులు కడుక్కుని, కింది రెప్ప లాగి, లోపల సన్నని గీతలా వేయాలి. తర్వాత కిందికి చూస్తూ పై రెప్పను వేలి వెనక భాగంతో మెల్లగా దించి, పూర్తిగా మూసుకున్నాకే మైక్రోపోర్ టేపు (చర్మానికి వాడే మెత్తని కాగితపు టేపు) అతికించాలి. సందు మిగిలితే టేపే గుడ్డును గీకుతుంది. కన్ను ఎర్రబడి నొప్పి పుడితే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. బయట గాలికి కళ్లజోడు.

తిండి దగ్గర చికాకు ఇంకో రకం. పప్పన్నం పడిపోయిన బుగ్గకూ చిగురుకూ మధ్య ఇరుక్కుని అక్కడే ఉండిపోతుంది. పెదవి మూలనుంచి మజ్జిగ కారుతుంది. ముద్ద రెండో వైపు పెట్టుకోవాలి, తిన్నాక వేలితో బుగ్గ లోపల తుడిచి పుక్కిలించాలి.

‘కరెంటు పెట్టించుకో, తొందరగా తగ్గుతుంది’ అని అమ్మ ఫోనులో పట్టుబట్టింది. మన దగ్గర ఫిజియోథెరపీ అంటే చాలామందికి గుర్తొచ్చేది అదే, కండరాలకు సన్నగా కరెంటు పట్టించడం. దానివల్ల మేలు జరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. బబుల్ గమ్ నమలడం, బలవంతంగా బూర ఊదడం కూడా వద్దు. ఇక్కడే ‘బైట్ ది బుల్లెట్’, అంటే పంటి బిగువున భరించడం, తరహా పట్టుదల బెడిసికొడుతుంది. కొరడా దెబ్బలు తినే సైనికులు అరవకుండా తుపాకీ గుండు నమిలేవారని 1796 నాటి ఒక నిఘంటువులో ఉంది. మొహానికి ఆ పద్ధతి పెడితే, తిరిగి పెరిగే నాడీతంతువులు తప్పు కండరాలకు చేరినప్పుడు తలెత్తే సింకినీసిస్ ఇంకా గట్టిపడుతుంది. అంటే నవ్వితే కన్ను మూసుకుపోతుంది. నాకు నచ్చింది ‘రోల్ విత్ ది పంచెస్’. బాక్సరు దెబ్బను ఎదురొడ్డి ఆపడు, అది వచ్చిన దిక్కుకే వంగుతాడు. అద్దం ముందు చిన్న కదలిక, రెండు వైపులా సమంగా, కన్ను ముడుచుకోవడం మొదలవగానే ఆపేయడం, అంతే.

మూడు వారాలకూ ఏ కదలికా రాకపోతే మళ్లీ డాక్టరుకు చూపించుకోవాలి. నాలుగు నెలలైనా అలాగే ఉంటే అది బెల్స్ పాల్సీయేనా అని స్కాన్‌తో సరిచూస్తారు. సింకినీసిస్ మిగిలితే ఫేషియల్ ఫిజియోథెరపిస్టు ఉన్నారు, అవసరమైతే బిగిసిన కండరాన్ని సడలించే బొటాక్స్ ఇంజెక్షను కూడా ఇస్తారు.