బాల్ జాయింట్ సర్‌క్లిప్పు: మొండికేస్తే తీయడం, మళ్ళీ సరిగ్గా కూర్చోబెట్టడం

విశాఖలో ఫోర్ బై ఫోర్ పికప్ కింద దూరి సస్పెన్షన్ పని మొదలుపెట్టిన వాళ్ళెవరైనా ముందు ఆగిపోయేది సర్‌క్లిప్పుల దగ్గరే, అంటే గాడిలో కూర్చుని భాగాన్ని జారకుండా పట్టే స్ప్రింగు ఉక్కు రింగుల దగ్గర. పెద్ద బోల్టు ఎంత బిగుసుకున్నా పానాకి పైపు తగిలించి వేలాడితే ఎప్పటికో కదులుతుంది, పట్టుకోవడానికి చోటుంటుంది. సర్‌క్లిప్పుకి ఆ వీలు లేదు. గాడిలో సగం మునిగిపోయి, ప్లయర్ పెట్టడానికి కొసల్లో ఉండే చెవుల రంధ్రాల నిండా తుప్పూ బురదా గ్రీజూ కలిసి రాయిలా గట్టిపడి, ప్లయర్ కొస పెట్టగానే జారిపోతూ ఉంటుంది. ఈమధ్య నేనూ మా బావా కలిసి మా పికప్‌కి ముందు వైపు పై బాల్ జాయింట్లు (చక్రం వైపు భాగాన్ని సస్పెన్షన్ చేతికి, అంటే ఆర్మ్‌కి కలిపే గుండు కీళ్ళు) రెండూ మార్చాం. ఇలాంటి పని ఇంటి దగ్గర చేసుకోవాలనుకునే వాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మన ఊళ్ళో ఇవి ఇంతగా పట్టేయడానికి కారణం తెలిసిందే, సముద్రం. బీచ్ రోడ్డు మీద, భీమిలి వైపు రోజూ తిరిగే బండి కింద ఉప్పు తడి చేరుతూనే ఉంటుంది. ఉప్పు ఉన్న తడిలో ఇనుము మామూలు కంటే వేగంగా తుప్పు పడుతుంది. పైగా తుప్పు అనేది అది తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, అంటే సన్నటి గాడిలో పుట్టిన తుప్పు ఉబ్బి క్లిప్పుని రెండు వైపులా నొక్కి పట్టేస్తుంది. దాని మీద అనంతగిరి ఘాట్, పాడేరు దారుల్లో వర్షాకాలం ఎర్రబురద వచ్చి పేరుకుని ఆరిపోతుంది. కాబట్టి మన పోరాటం క్లిప్పుతో కన్నా గాడిలోని తుప్పుతోనే ఎక్కువ అని మొదట్నుంచీ గుర్తుంటే సగం పని తేలికవుతుంది.

జాగ్రత్తలు క్లుప్తంగా చెప్తాను, కానీ వీటిలో ఒక్కటీ వదలొద్దు. వెనక చక్రాలకి రాళ్ళో చెక్క దిమ్మలో అడ్డం పెట్టండి. ఛాసిస్ కింద స్టాండు తప్పనిసరి, ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందకి ఎవరు చెప్పినా వెళ్ళొద్దు. నేల మెత్తగా ఉంటే జాకీ కిందా స్టాండు కిందా దళసరి చెక్క వేయండి. లోయర్ ఆర్మ్ (కింది ఆర్మ్) కింద వేరే జాకీ పెట్టి ఆనించి ఉంచాలి, ఎందుకంటే పై జాయింట్ విడిపోయాక స్ప్రింగు బలం కిందకి నెట్టేది ఆ ఆర్మ్‌నే. కళ్ళద్దాలు పెట్టుకోండి. సర్‌క్లిప్పు స్ప్రింగు ఉక్కు, జారిందంటే ఎటు ఎగురుతుందో చెప్పలేం, అందుకే తీసేటప్పుడు పైన ఒక పాత గుడ్డ కప్పి పట్టుకోవడం మంచిది.

మొదటి గంటంతా శుభ్రం చేయడానికే కేటాయించండి, ప్లయర్ జోలికి పోవద్దు. వైర్ బ్రష్‌తో చుట్టూ గీకి, సన్నటి కొక్కెం లాంటి పనిముట్టుతో గాడి వెంట తిప్పుతూ మట్టి లాగేయాలి. చెవుల రంధ్రాల్లో గట్టిపడినదాన్ని సన్నటి మేకుతోనో పాత డ్రిల్ బిట్టుని చేత్తో తిప్పుతూనో తవ్వాలి, ప్లయర్ కొస పూర్తి లోతుకి దిగకపోతే ఎంత మంచి ప్లయరైనా జారుతుంది. తర్వాత తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయాలి. స్ప్రే లేకపోతే డీజిలు పోసి నానబెట్టే మేస్త్రీలు ఉన్నారు, ఆలస్యమైనా అదీ పనిచేస్తుంది. మర్నాడు ఇంకోసారి స్ప్రే కొట్టి, చిన్న పంచ్ క్లిప్పు చెవి పక్కన పెట్టి సుత్తితో చిన్నగా తట్టాలి. క్లిప్పుని పైకి లేపడానికి కాదు, గాడిలోనే చుట్టూ తిరిగేలా. ఒకసారి అటు, ఒకసారి ఇటు. అది ఒక వెంట్రుకవాసి తిరిగినా చాలు, తుప్పు పట్టు విడిపోయినట్టే.

మా బావకి ఇంత ఓపిక లేదు. "మంట పెడితే ఠక్కున వచ్చేస్తది కదా బావా" అన్నాడు. పాత క్లిప్పు ఎలాగూ పారేస్తాం, కాలిపోతే ఏంటి అనిపిస్తుంది, నిజమే. కానీ అక్కడికి జానెడు దూరంలో బ్రేకు హోసు, ఏబీఎస్ వైరు, డ్రైవ్ షాఫ్టు (చక్రాన్ని తిప్పే ఇరుసు) రబ్బరు బూటు ఉంటాయి. క్లిప్పు ఖరీదు ఎంత, బ్రేకు హోసు ఖరీదు ఎంత? పైకి ఏమీ తెలియకుండా లోపల మెత్తబడిన హోసు ఘాట్ దిగేటప్పుడు పగిలితే ఏం చేస్తాం? నేను ఒప్పుకోలేదు.

ప్లయర్ విషయం. పిడి నొక్కితే కొసలు విచ్చుకునేది షాఫ్టు మీద వేసే క్లిప్పులకి, పిడి నొక్కితే కొసలు దగ్గరయ్యేది రంధ్రం లోపల కూర్చునే క్లిప్పులకి. బాల్ జాయింట్ ఒంటి చుట్టూ ఉండే క్లిప్పుకి మొదటి రకం కావాలి. కొన్నిటికి చెవులూ రంధ్రాలూ ఉండవు, కొసలు ఊరికే కోసి ఉంటాయి. వాటికి మూతి మీద పళ్ళున్న చదును ప్లయర్ వేరే దొరుకుతుంది, మామూలు ప్లయర్‌తో కుస్తీ పట్టొద్దు. ఒక కొస కాస్త విచ్చుకోగానే ఇంకొకరు సన్నటి స్క్రూడ్రైవరు దాని కింద దూర్చి పట్టుకుంటే, అక్కణ్ణుంచి చుట్టూ జరుపుతూ గాడి బయటికి తెచ్చేయొచ్చు. ఇది ఇద్దరి పని. చెవి విరిగిపోతే కంగారు పడక్కర్లేదు, మిగిలిన కొస దగ్గర సన్న ఉలి పెట్టి గాడి అంచు దెబ్బ తినకుండా నెమ్మదిగా లేపాలి. గాడి అంచు చిట్లిందంటే కొత్త క్లిప్పు ఎంత మంచిదైనా నిలవదు.

కుడి వైపు అలా వచ్చింది. ఎడమ వైపు చూస్తే అసలు క్లిప్పే లేదు.

ఇది నాకు నిజంగా కోపం తెప్పించింది. ఎక్కడో ఎప్పుడో ఎవరో ఆ జాయింట్ మార్చినప్పుడు దాన్ని ఆర్మ్‌లోకి పూర్తిగా ప్రెస్ చేయలేదు, అందువల్ల గాడి సగం ఆర్మ్ లోపలే ఉండిపోయింది, క్లిప్పు కూర్చోలేదు, వాళ్ళు వదిలేశారు. గాజువాక ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒక పెద్ద మేస్త్రిని అడిగితే ఆయన తల పట్టుకున్నాడు. "బిగుతుగానే ఉంది కదా, ఒగ్గేయండి అనేవోళ్ళు శానామంది ఉన్నారు బాబూ, దాన్ని అలా ఒగ్గేయకూడదు" అన్నాడు. జాయింట్‌ని ప్రెస్ బిగువే పట్టుకుంటుంది, ఒప్పుకుంటాను. కానీ లోడుతో గతుకుల్లో పడ్డ ప్రతిసారీ అది పిసరంత కదిలితే ఆపడానికి ఉన్నది ఆ క్లిప్పు ఒక్కటే. జాయింట్ ఆర్మ్‌లోంచి ఊడి వస్తే చక్రం పక్కకి ఒరిగిపోతుంది, స్టీరింగు చేతిలో ఉన్నా లేనట్టే. మీ బండికి ఎక్కడైనా బాల్ జాయింట్లు మార్పించి ఉంటే టార్చి వేసి రెండు వైపులా క్లిప్పు ఉందో లేదో ఈ ఆదివారమే చూసుకోండి.

ఇక బిగించడం. ఆర్మ్ రంధ్రంలో తుప్పు మొత్తం పోయేలా ఎమరీ కాగితంతో రుద్దాలి, లేదంటే జాయింట్ ఏటవాలుగా దిగి మధ్యలోనే పట్టేస్తుంది. సీ ఆకారపు ప్రెస్‌తో తిన్నగా దించి, జాయింట్ భుజం ఆర్మ్‌కి పూర్తిగా ఆనాక అవతల గాడి చుట్టూ ఒకే వెడల్పుతో కనబడాలి. ఒక పక్క కనబడి ఇంకో పక్క మాయమైతే అది ఇంకా దిగలేదని అర్థం, సుత్తితో క్లిప్పుని లోపలికి కుక్కకండి, మళ్ళీ ప్రెస్ వేయండి.

క్లిప్పు కొత్తదే వేయండి. పాతది తీసేటప్పుడు ఎక్కువ విచ్చుకుని పట్టు కోల్పోయి ఉంటుంది. జాయింట్ కిట్‌లో సాధారణంగా కొత్త క్లిప్పు వస్తుంది. విడిగా కొంటే వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పనిముట్టు)తో మందం కూడా కొలిచి తీసుకోండి, గాడి కంటే పల్చటిది తేలిగ్గా దూరుతుంది కానీ లోపల ఆడుతుంది. మామూలు సర్‌క్లిప్పులు అడిగేటప్పుడు షాఫ్టు మీదవైతే డిన్ (జర్మన్ ప్రమాణం) 471, రంధ్రంలోవైతే డిన్ 472 అంటే షాపువాళ్ళకి అర్థమవుతుంది. అచ్చు గుద్దిన క్లిప్పుని వేలితో తడిమితే ఒక అంచు నున్నగా, ఇంకొకటి పదునుగా తగులుతుంది. నున్నటి వైపు అది ఆపే భాగానికి ఆనాలి, పదును వైపు గాడి గోడకి ఆనాలి, అప్పుడే అది బరువుకి జారకుండా నిలుస్తుంది. గాడిలో పల్చగా గ్రీజు రాసి, క్లిప్పుని అవసరమైనంతే విచ్చదీసి, కూర్చున్నాక పంచ్‌తో చుట్టూ తిప్పి చూడండి. బిగుతుగా, కానీ తిరగాలి. ఎక్కడైనా ఒక చోట గాడి బయటికి తొంగిచూస్తుంటే తీసి మళ్ళీ వేయాల్సిందే.

ఫోర్ వీల్ డ్రైవ్ కాబట్టి ముందు డ్రైవ్ షాఫ్టు చివర హబ్బు దగ్గర కూడా కొన్ని బండ్లకి ఇలాంటి లాకే ఉంటుంది. అది తిరిగి వేసేటప్పుడు షాఫ్టు లోపలికి జారి గాడి కనబడదు, చాలామంది ఇక్కడే స్క్రూడ్రైవర్లతో షాఫ్టు మీద గాట్లు పెడతారు. షాఫ్టు చివర మరకన్నం (లోపల మరలున్న రంధ్రం) ఉంటే దానికి సరిపోయే బోల్టు రెండు చుట్లు బిగించి బయటికి లాగి పట్టుకోండి, గాడి బయటికొస్తుంది, క్లిప్పు ఇట్టే పడుతుంది.

బ్రేకు హోసుని బ్రాకెట్‌కి పట్టి ఉంచే యూ ఆకారపు రేకు క్లిప్పు కూడా తుప్పుతో పట్టేస్తుంది. స్ప్రే కొట్టి, కింద నుంచి స్క్రూడ్రైవరు ఆనించి తిన్నగా పైకి తట్టాలి, హోసుని పట్టుకుని మెలితిప్పకూడదు. కాలిపర్ (బ్రేకు ప్యాడ్లని నొక్కే భాగం) విప్పితే హోసుకి వేలాడదీయకుండా తీగతో ఛాసిస్‌కి కట్టండి. వెనక కమాన్ పట్టీల్ని పక్కకి జారకుండా పట్టే క్లిప్పులు కూడా అదే పూట చూసేయండి, వాటి రివెట్లు తెగి ఊడిపోయి ఉన్న బండ్లు మన ఊళ్ళో చాలానే తిరుగుతున్నాయి, కింద నుంచి చూస్తే పట్టీలు ఒకదాని మీద ఒకటి వంకరగా కనబడతాయి.