ఫిజిక్స్ డిగ్రీతో మ్యాథ్స్ పీజీకి అప్లై చేసిన కథ

మాది కర్నూలు. బీఎస్సీ ఫిజిక్స్ ఆనర్స్ ఢిల్లీలో చేశాను. 2020లో చేరి 2023లో బయటపడ్డాను, అందులోనూ మొదటి ఏడాదంతా కరోనా వల్ల మా ఇంటి మిద్దె మీద సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకొని తిరగడంతోనే సరిపోయింది. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేస్తానంటే మా నాయన కోప్పడలేదు, "అదేదో ముందే తీసుకోనుంటే అయిపోతుండె కదరా" అన్నాడు, అంతే. నిజమే. నా ఇంటర్ స్నేహితులు ఇక్కడే ఎంపీసీతో డిగ్రీ చేశారు, వాళ్ల మెమోలో మ్యాథ్స్ అని స్పష్టంగా ఉంది కాబట్టి ఏ గొడవా లేకుండా పీజీకి అప్లై చేసుకున్నారు. ఆనర్స్ అంటూ గొప్పగా దూరం పోయిన నాకే తిప్పలు.

ఎందుకు మారానంటే పెద్ద కారణమేం లేదు. క్వాంటం మెకానిక్స్ క్లాసులో "ఇక్కడ లిమిట్‌నీ ఇంటిగ్రల్‌నీ అటూ ఇటూ మార్చేయొచ్చు, ఎందుకని అడక్కండి" అన్నప్పుడల్లా నా మనసు ఆ అడగొద్దన్న దాని మీదికే పోయేది.

ఐఐటీల్లాంటి చోట్ల ఎమ్మెస్సీ సీట్ల కోసం పెట్టే పరీక్ష జామ్. అది రాయడానికి డిగ్రీ ఏదైనా పర్వాలేదు, ఎవరైనా ఏ పేపరైనా రాయొచ్చు. మెలికంతా సీటు దగ్గర. నేను చూసుకున్న చాలా కోర్సుల్లో కనీసం రెండేళ్లో నాలుగు సెమిస్టర్లో మ్యాథ్స్ చదివి ఉండాలని రాసి ఉంది. నేను చదివాను. కానీ ఆ నాలుగు పేపర్లూ వేరే డిపార్ట్‌మెంట్ నుంచి తీసుకున్న ఎలక్టివ్‌లు, మెమోలో కోడ్ తప్ప మ్యాథ్స్ అన్న మాటే లేదు. మ్యాథమెటికల్ ఫిజిక్స్ అని ఇంకో మూడు పేపర్లు ఉన్నాయి గానీ అవి ఫిజిక్స్ కిందే లెక్క. ఒక యూనివర్సిటీకి ఫోన్ చేసి ఇదంతా వివరిస్తే అవతలాయన ఓపిగ్గా విని, "మీది ఫిజిక్స్ కదా బాబూ, మ్యాథ్స్ ఏదీ?" అన్నాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. మళ్లీ అదే మాట.

అంటే నాకు రెండు రకాల రుజువులు కావాలి, ఆఫీసులో చూపించేది ఒకటి, పేపర్లో రాసేది ఇంకొకటి. మొదటిది ఢిల్లీలో ఉండిపోయింది. రెండోది అసలు నా దగ్గరే లేదని తర్వాత తెలిసింది.

సి క్యాంప్ దగ్గర ఒక రిటైర్డ్ మ్యాథ్స్ లెక్చరర్ ఉంటారు, నాయనకు తెలిసిన మనిషి. 2023 ఆగస్టులో వెళ్లి కలిశాను. ఒక అనుక్రమానికి, అంటే వరుసగా సాగే సంఖ్యలకు, రెండు అవధులు (లిమిట్లు) ఉండవని రుజువు చేయమన్నారు. అది తెలిసిందే కద సార్ అన్నాను. "నీకు తెలుసని నాకూ తెలుసప్పా, ఎట్లా తెలిసిందో రాయి" అన్నారు. ఇరవై నిమిషాలు కూర్చొని రాయలేకపోయాను. రెండు అవధులున్నాయనుకొని, వాటి మధ్య దూరంలో సగాన్ని ఎప్సిలాన్‌గా, అంటే అవధికి ఎంత దగ్గరగా రావాలో చెప్పే సంఖ్యగా తీసుకుంటే నాలుగు లైన్లలో అయిపోయే పని అది.

ఇంకో రోజు టేలర్ సిరీస్ గురించి, అంటే ఒక ఫంక్షన్‌ని ఎక్స్, ఎక్స్ స్క్వేర్ లాంటి పదాల మొత్తంగా విప్పి రాయడం గురించి మాట వచ్చింది. ఫిజిక్స్‌లో మేము ఏది కనిపించినా టేలర్‌లో విప్పి, మొదటి రెండు పదాలు ఉంచుకొని మిగతావి పారేస్తాం. సార్ ఒక ఫంక్షన్ ఇచ్చారు: ఈ పవర్ మైనస్ వన్ బై ఎక్స్ స్క్వేర్, సున్నా దగ్గర మాత్రం విలువ సున్నా. దీన్ని సున్నా దగ్గర విప్పు అన్నారు. ఆ పదాలు రావాలంటే అవకలజాలు (డెరివేటివ్‌లు) కట్టాలి. మొదటి అవకలజం సున్నా వచ్చింది, రెండోది సున్నా, "ఇలాగే మిగతావన్నీ" అని రాశాను. అంటే సిరీస్ మొత్తం సున్నాలే, కానీ ఫంక్షన్ సున్నా కాదు, ఎక్స్ కొంచెం జరిగితే చాలు దానికి విలువ ఉంది! మూడేళ్లు నేను విప్పిన సిరీస్‌లన్నీ గుర్తొచ్చి ఒళ్లు చల్లబడింది. సార్ మాత్రం ఆ ఆశ్చర్యాన్ని పట్టించుకోకుండా "ఇలాగే" అన్న మాట చుట్టూ ఎర్ర పెన్నుతో సున్న చుట్టి ఇచ్చేశారు.

జామ్ రెండు పేపర్లకు 2500 కట్టాను, ఫిజిక్స్ కూడా రాస్తే ఇంట్లో నిమ్మళంగా ఉంటారని. 2024 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో, పొద్దున మ్యాథ్స్, మధ్యాహ్నం ఫిజిక్స్. డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, మల్టిపుల్ ఇంటిగ్రల్స్ చేతి అలవాటుతో వచ్చేశాయి, సంఖ్య టైప్ చేసే ఇరవై ప్రశ్నల్లో నెగెటివ్ లేదు కాబట్టి ధైర్యంగా కొట్టాను. ముంచింది ఒకటికి మించి జవాబులుండే ఆ పది ప్రశ్నలే. అన్నీ సరిగ్గా పెడితేనే రెండు మార్కులు, ఒక్కటి తప్పినా గుండు సున్నా. గ్రూప్ థియరీ నేను సొంతంగా చదువుకున్నది, అక్కడ "ఇది నిజంలాగే ఉంది" అనుకొని పెట్టినవన్నీ పోయాయి.

ఇక ఆఫీసులో చూపించాల్సిన రుజువు, అంటే నా నాలుగు ఎలక్టివ్‌లూ మ్యాథ్స్‌వే అని కాలేజీ ఇవ్వాల్సిన లెటర్ సంగతి. కాలేజీకి మెయిల్ పెడితే పదకొండు రోజులు జవాబు లేదు. చివరికి నేనే డ్రాఫ్ట్ తయారు చేశాను, పేపర్ పేరు, సెమిస్టర్, సిలబస్ అన్నీ ఒక టేబుల్‌లో పెట్టి, ఈ నాలుగూ మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్ చెప్పినవి అని కింద ఒక లైను రాసి పంపితే, అక్కడే ఉన్న నా రూమ్మేట్ ప్రింట్ తీసుకెళ్లి రెండు సార్లు తిరిగి సంతకం, స్టాంపు వేయించాడు. మీరెవరైనా ఈ దారిలో ఉంటే టీసీ తీసుకునే రోజే ఈ కాగితం కూడా తీసుకోండి, ఊరు వదిలాక మన పని ఎవరికీ గుర్తుండదు.

మన రాష్ట్ర యూనివర్సిటీల్లో పీజీ సీట్ల కోసం ఏపీ పీజీసెట్ కూడా రాశాను, 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ లేదు. పరీక్ష కంటే నేను ఈ ప్రాంతం వాణ్ణే అని చూపించుకోవడానికి స్టడీ సర్టిఫికెట్లు పోగు చేసుకోవడమే పెద్ద పని, మా పాత స్కూల్‌కి మూడు సార్లు తిరిగాను.

జామ్‌లో మూడో రౌండ్‌లో సీటొచ్చింది. లెటర్ అప్‌లోడ్ చేసినందుకు మళ్లీ ఎవరూ ఏమీ అడగలేదు.

స్వీట్ బాక్స్ పట్టుకొని సార్ ఇంటికి వెళ్లాను. తీసుకొని పక్కన పెట్టి, "ఆ 'ఇలాగే' పూర్తి చేసినావా?" అన్నారు. చేయలేదు. లోపల్నుంచి అమ్మగారు ఉగ్గాని బజ్జి తెచ్చేలోపు ఎన్నో అవకలజానికైనా ఇండక్షన్‌తో, అంటే ఒకదానికి నిజమైతే తర్వాతిదానికీ నిజమని చూపిస్తూ, ఎట్లా రాయాలో కూర్చోబెట్టి చేయించారు, రెండో లైనులో మళ్లీ తప్పు రాశాను.