గారార్డ్ ఎస్పీ 25: కాజీపేట ఇంట్లో పదకొండో వారం

రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ అటక మీద నుంచి దింపి ఇచ్చారు ఈ డెక్కును, అంటే రికార్డ్ ప్లేయర్‌ను. 4,000 తీసుకున్నారు. గారార్డ్ ఎస్పీ 25, ఇంగ్లండ్‌లో తయారైనది, ఐడ్లర్ రకం. అంటే బెల్టు ఉండదు, మోటారు పుల్లీకీ, రికార్డు పెట్టే పళ్లెం లోపలి అంచుకూ మధ్య ఒక రబ్బరు చక్రం ఒత్తుకుని దాన్ని తిప్పుతుంది. బెల్టు కోసం వెతుక్కునే బాధ లేదు గానీ, ఆ రబ్బరు బాగాలేకపోతే ఇక ఏ పాటా బాగుండదు.

మొదటి రోజే ఆత్రం ఆపుకోలేక బాపు దాచుకున్న ఘంటసాల ఎల్పీ పెట్టాను. గొంతు సాగినట్టుంది, వెనకాల డబడబమని ఒకటే చప్పుడు. బాపు మంచంలో నుంచే "ఘంటసాల గొంతు గిట్లుండదు బిడ్డా, మెల్లగ తిరుగుతున్నట్టుంది" అన్నాడు.

పళ్లెం అంచుకు చిన్న కాగితం ముక్క అతికించి, ఫోన్‌లో టైమర్ పెట్టి లెక్కపెట్టాను. ఎల్పీ తిరగాల్సిన 33⅓ స్పీడంటే నిమిషానికి అన్ని చుట్లు, 3 నిమిషాలకు సరిగ్గా 100 చుట్లు రావాలి. నాకు 96 వచ్చాయి. బాపు చెవి కరెక్టే. ఈ డెక్కులో స్పీడు సర్దుకునే మర ఏదీ లేదు, పుల్లీ మందాన్ని బట్టే స్పీడు, కాబట్టి తక్కువ తిరుగుతోందంటే ఎక్కడో జారుతోంది, లేదంటే ఎక్కడో పట్టేస్తోంది.

ప్లగ్గు పీకేసి పళ్లెం తీశాను. మధ్యలో సి ఆకారంలో చిన్న క్లిప్పు ఉంటుంది, ఎగిరితే మళ్లీ దొరకదు, పైన గుడ్డ కప్పి తీయండి. లోపల పాత గ్రీజు చల్లారిన బెల్లం పాకంలా గట్టిపడి ఉంది. స్క్రూడ్రైవర్ మొనతో పెచ్చులు పెచ్చులుగా లేపి, మిగిలినది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్స్‌తో తుడిచాను, ముప్పై దాకా అయిపోయాయి. మోటారు పైన ఒకటి, కింద ఒకటి బేరింగు, రెండింటికీ ఒక్కో చుక్క కుట్టుమిషన్ నూనె. ఐడ్లర్ ఇరుసుకు చుక్కలో సగం చాలు, ఎక్కువైతే రబ్బరు మీదికి పాకి మళ్లీ జారుడు మొదలవుతుంది.

ఆ రబ్బరు చక్రం అంచు అద్దంలా మెరుస్తోంది, గట్టిపడిందన్నమాట. హనుమకొండ చౌరస్తా దగ్గర పాత రేడియోలు బాగుచేసే అన్నకు చూపిస్తే "ఎక్కువ గీకకు తమ్మీ, గుండ్రం పోతే ఇగ ఎవ్వలేం చెయ్యలేరు" అన్నాడు. 400 నంబరు గరుకు కాగితంతో, చక్రాన్ని తిప్పుతూ, ఆ మెరుపు పోయేంతవరకే రుద్ది ఆల్కహాల్‌తో తుడిచాను. పుల్లీనీ, పళ్లెం లోపలి అంచునూ కూడా తుడవాలి, అది మర్చిపోతే చేసిందంతా దండగ. ఇంకోటి, పాట అయిపోయాక ప్లగ్గు దగ్గర కట్టేయకుండా డెక్కు మీది మీటతోనే ఆపాలి. అప్పుడే రబ్బరు పుల్లీని వదిలేస్తుంది. అలా ఒత్తుకునే ఉండిపోతే ఒకచోట నొక్కుపడి, చుట్టు చుట్టుకూ టక్‌మంటుంది.

మళ్లీ లెక్కపెడితే 100 చుట్లకు కాస్త తక్కువ. నాకు చాలు. స్ట్రోబ్ కాగితం (చుట్టూ గీతలుంటాయి, స్పీడు సరిగ్గా ఉంటే కరెంటుతో పాటు మినుకుమనే దీపం కింద అవి కదలనట్టు కనపడతాయి) కూడా పెట్టి చూశాను, మన 50 హెర్ట్జ్ కరెంటుకు 33⅓ దగ్గర 180 గీతలుండాలి. ఎల్‌ఈడీ బల్బు కింద ఏమీ కనపడక అరగంట టెన్షన్ పడ్డాను, చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు కింద పెడితే గీతలు దాదాపు నిలబడ్డాయి.

డబడబ మాత్రం పూర్తిగా పోలేదు, ఉండీ ఉండీ వస్తోంది. మోటారే అనుకుని మళ్లీ విప్పబోయాను. అయితే మోటారు చప్పుడైతే ఆగకుండా రావాలి కదా. అప్పుడు పళ్లెం తిప్పకుండా, ఆగి ఉన్న రికార్డు మీద సూది దించి వాల్యూం పెంచాను. మా ఇంటికి రెండు సందుల అవతలే పట్టాలు. గూడ్సు బండి పోతుంటే స్పీకర్లో ఆ చప్పుడంతా వినపడింది, అవ్వ వంటింట్లోంచి నడిచొస్తే ఆ అడుగులు కూడా వినపడ్డాయి! ఇది రెండు నిమిషాల పని, ఏదైనా విప్పేముందు తప్పకుండా చేయండి.

వంటింటి గట్టుకు వేయగా మిగిలిన కరీంనగర్ గ్రానైటు ముక్క, రెండడుగులు బై అడుగున్నర, 20 మిల్లీమీటర్ల మందం, దాదాపు 15 కిలోలు. రెండు టెన్నిస్ బంతుల్ని సగానికి కోసి నాలుగు మూలలా పెట్టి, పైన గ్రానైటు, దాని మీద డెక్కు. మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి అటూ ఇటూ చూసుకున్నాను. అడుగుల చప్పుడు పోయింది. గూడ్సు బండి చప్పుడు ఇంకా సన్నగా ఉంది, గోడకు బిగించే షెల్ఫ్ చేయిస్తే తగ్గుతుందని నా నమ్మకం.

పాత సిరామిక్ కార్ట్రిడ్జ్ (సూది కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే చిన్న డబ్బా) పనికిరాలేదు. ఆడియో టెక్నికా ఏటీ 3600ఎల్ వేశాను. డెక్కులో సూదిని మోసే ఈ బరువైన చేతికి అలాంటి మొరటు సూదే నయం, 2.5 నుంచి 3.5 గ్రాముల ఒత్తిడి అడుగుతుంది, నేను 3 పెట్టాను. బరువు చూసుకోవడానికి స్టీలు పళ్లెం ఉన్న త్రాసు వాడొద్దు, కార్ట్రిడ్జ్‌లో అయస్కాంతం ఉంటుంది కాబట్టి స్టీలు దాన్ని లాగి తప్పు లెక్క చూపిస్తుంది. సిరామిక్ మాదిరి కాదు, దీని నుంచి కొద్ది మిల్లీవోల్టులే వస్తాయి, ఆ సిగ్నల్‌ను పెంచే ఫోనో ప్రీయాంప్ ఉండాల్సిందే. గుయ్‌మని హమ్ వచ్చింది, డెక్కు ఇనుప బాడీ నుంచి ప్రీయాంప్ గ్రౌండు స్క్రూకు ఒక వైరు కలిపితే ఆగిపోయింది.

రికార్డులు కడగడానికి బోరు నీళ్లు వద్దు, ఆరాక తెల్లగా ఉప్పు మరకలు పడతాయి. డిస్టిల్డ్ వాటర్, గిన్నెల సబ్బు ఒక్క చుక్క, మెత్తటి గుడ్డ, గాడి వెంబడే తుడవాలి.

బాపు దగ్గర పదిహేను దాకా 78లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం రికార్డులు కూడా ఉన్నాయి. వాటికి ఆల్కహాల్ అస్సలు తగలనివ్వొద్దు, అవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి. ఎల్పీ సూది కూడా పెట్టకూడదు, దాని మొన 78 గాడికి మరీ సన్నం, అడుక్కి దిగి గీరుతుంది. 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) సూది వేరే కావాలి. ఆర్డరు పెట్టాను, ఇంకా రాలేదు. రోజూ పొద్దున బాపు అడుగుతున్నాడు, "అచ్చిందా సూది?" అని.