రొట్టెల లెక్కలో లేని కూలి

చిన్న వ్యాపారం చేసుకోవాలనుకునేవాళ్ళకు నేను చెప్పబోయే క్లాసులకు సోమవారం మొదటి బ్యాచ్. ఇంక మూడు రోజులే. కర్నూలు కల్లూరులో అద్దెకు తీసుకున్న మేడ మీది గదికి ఈ రోజు ఫ్యాన్లు బిగించారు. కుర్చీలు ఇరవై వచ్చాయి, ఇంకో ఐదు రేపు పంపుతామన్నారు. పేర్లు ఇచ్చినవాళ్ళు 22 మంది. కుట్టుపని చేసేవాళ్ళు, పచ్చళ్ళు పెట్టేవాళ్ళు, పత్తికొండ దిక్కు నుంచి ఇద్దరు అన్నదమ్ములు. ధర లేక టమోటాలు రోడ్డు పక్కన పారబోసిన ఇల్లు వాళ్ళది, ఇప్పుడు ఎండబెట్టి అమ్మాలని చూస్తున్నారు. వచ్చే ముందు పది కిలోలు ఎండబెట్టి, ఎంత మిగిలిందో తూకం వేసుకొని రమ్మన్నాను. టమోటాలో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీళ్ళే. ఆ తూకం చూసినాకే మిగతా మాటలు.

మధ్యాహ్నం సి.క్యాంపులో రొట్టెల అక్క దగ్గర తిన్నాను. చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర లోను కోసమని ఆమె కూడా పేరిచ్చింది. రద్దీ తగ్గినాక పక్కన కూర్చొని లెక్క అడిగాను. పీట మీద పిండి తడుతూనే చెప్పింది, చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు. దినానికి పది కిలోల జొన్నపిండి, 90 రొట్టెలు, ఒక్కోటి 15 రూపాయలు. అంటే 1,350. జొన్నలకూ మర పట్టించడానికీ 500, కట్టెలకు 120, పప్పూ పచ్చడీ 250, కవర్లు 30. మొత్తం 900 పోను 450.

"దినానికి నాలుగొందల యాభై మిగుల్తాది నాయనా, తక్కువేం కాదు" అంది.

"మరి నీ కూలి, కోడలి కూలి యాడ వేసినావక్కా?"

"ఇంట్లోవాళ్ళకు కూలేంది!"

2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307. ఇద్దరికీ 614. ఆ మాట చెప్పగానే చెయ్యి ఆగింది. కాసేపు పెనం వైపే చూసి, "అయితే మేమే పెట్టుబడి పెడ్తాన్నాం" అంది. ఆ రొట్టె ఒక పక్క మాడింది.

నాకు అమ్మ గుర్తొచ్చింది. ఆరేళ్ళ కింద నేను పల్లీల చిక్కీ యూనిట్ పెట్టినప్పుడు పద్నాలుగు నెలలు అమ్మే వేయించింది, అమ్మే పొట్టు చెరిగింది. లాభం వస్తోందని నమ్మాను. మోకాళ్ళ నొప్పులతో ఆమె కూర్చోలేని రోజు ఇద్దరిని కూలికి పెడితే, ప్రతి ప్యాకెట్ మీదా నష్టమే. అప్పటిదాకా నేను లాభం అనుకున్నది అమ్మ కూలి. ధర పెంచితే షాపులవాళ్ళు వద్దన్నారు. మూసేశాను. ఆ డబ్బు పోయినందుకు ఇప్పుడు బాధ లేదు, అమ్మ చేతులకు వెల కట్టకపోయినందుకు ఉంది.

ఇంటికొచ్చి మొదటి రోజు పాఠం మొత్తం మార్చాను. పథకాల గురించి చేసుకున్న స్లైడ్లు రెండో వారానికి జరిపాను. అవీ అవసరమే. కొత్త యూనిట్లకు సబ్సిడీతో లోను ఇప్పించే కేంద్ర పథకం పీఎంఈజీపీలో ఆడవాళ్ళకు సొంత వాటా 5 శాతం చాలని, సబ్సిడీ చేతికి రాదని, మూడేళ్ళు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుందని తెలియక ఎందరో చేతిలో డబ్బు పడుతుందని ఎదురుచూస్తారు. చిన్న వ్యాపారాల నమోదు, అదే ఉద్యం రిజిస్ట్రేషన్‌కు ఫీజే లేకపోయినా మధ్యవర్తులకు డబ్బు కడతారు. కానీ ఇవన్నీ లెక్క నిలబడినాక సంగతులు. మొదటి రోజు ఒక్కొక్కరికీ ఒక తెల్లకాగితం, మొదటి గడి "నా కూలి", రెండోది "ఇంట్లోవాళ్ళ కూలి". సరుకు ఖర్చు ఆ తర్వాతే.

రాత్రి అక్కకు ఫోన్ చేసి, సోమవారం ఈ రొట్టెల లెక్కనే అందరి ముందు చెబుతావా అని అడిగాను. "పదింటికి నేనొస్తే పొయ్యి కాడ ఎవరుంటారప్పా?" అంది. నిజమే కదా. క్లాసు టైము పది అని పెట్టినప్పుడు నేను కూడా ఆమె పనిని లెక్కలోకి తీసుకోలేదు. పత్తికొండ అన్నదమ్ములను అడిగితే, పొద్దున కోత ఉంటాది, సాయంత్రమే మేలన్నారు. 22 మందికీ మళ్ళీ మెసేజ్ పెట్టాను: క్లాసు నాలుగున్నరకు.