చుక్క కెంపు, టార్చి లైటు

ఇవాళ చిక్‌పేట కొట్లో మళ్లీ అదే మాట: "ఈ చుక్క కెంపు (స్టార్ రూబీ) మీద నక్షత్రంలాంటి చుక్క కనపడట్లేదండీ, నకిలీయేమో!" ట్యూబ్‌లైట్ల కింద ఎలా కనపడుతుంది? ఫోన్ టార్చి ఒక్కటే వేసి, నేరుగా పైనుంచి పట్టి, రాయిని అటూ ఇటూ వంచండి. చుక్క ఆరు కాళ్లూ (కిరణాలు) వెలుగుతో పాటు జారాలి. లోపల రూటైల్ అనే ఖనిజం సూదులు 60 డిగ్రీల తేడాతో మూడు వరసల్లో ఉండబట్టే ఆ ఆరు. గుమ్మటంలా సాన పట్టినప్పుడు అడుగు స్ఫటికం ప్రధాన అక్షానికి లంబంగా కుదరకపోతే చుక్క నడినెత్తిన నిలవదు, ఓ పక్కకి ఒరిగిపోతుంది.

కాళ్లు మరీ పదునుగా, పెన్నుతో గీసినట్టు పైపైనే తేలుతుంటే ల్యాబ్‌లో తయారైన రాయని అనుమానించండి. అడుగు కూడా నున్నగా ఉంటే ఇంకా.

నాలుగు కాళ్ల నల్లరాయిని నీలమని అంటగడితే అయస్కాంతం పెట్టి చూడండి. లాగిందా, డయాప్సైడ్ అనే వేరే రాయే. లోపలున్నవి మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం సూదులు మరి!