లప్పం ఆరేదాకా ఆగడం

పిల్లల గదికి రంగు వేయడం మొదలుపెట్టిన ఇంట్లో దాదాపు ఇదే వరస. పోస్టర్లు పీకినప్పుడు లేచిన పెచ్చులు, మేకుల బొక్కలు, కుర్చీ గుద్దుకుని పడ్డ గుంటలు అన్నీ లప్పంతో, అంటే పుట్టీతో, పూడుస్తారు, సాండ్‌పేపర్‌తో రుద్దుతారు, రంగు వేస్తారు. తడి మీద ఉన్నంతసేపూ గోడ బ్రహ్మాండంగా ఉంటుంది. మర్నాడు కిటికీలోంచి వెలుతురు పడగానే పూడ్చిన ప్రతిచోటా ఒక మచ్చ తేలుతుంది. ఒకటి వెలిసినట్టు, ఒకటి ఉబ్బినట్టు, ఇంకొకటి లోపలికి దిగిపోయినట్టు. పిల్లలు వెంటనే రంగు డబ్బాని తిడతారు. చాలాసార్లు రంగుది ఏ పాపమూ ఉండదు, కథంతా కింద ఉన్న లప్పంలో ఉంటుంది.

మనలో చాలామందిమి ఈ పని చేస్తూ పెరిగినవాళ్లం కాదు. పెయింటర్లు వచ్చేవారు, మనల్ని గదిలోంచి బయటికి పొమ్మనేవారు, అంతే. ఇక్కడ, విదేశంలో పెరుగుతున్న మన పిల్లలకి మాత్రం ఓ వీడియో చూసి బ్లేడు చేతపట్టుకోవడం మామూలే. ఈ విషయంలో నా పట్టుదల రెండింటి మీదే. పని పిల్లల చేతుల్లోంచి లాక్కోకూడదు. పని జరుగుతున్నంతసేపూ ఇంట్లో తెలుగే నడవాలి. మన పిల్లల తెలుగు తిన్నావా, లే, పడుకో, హోంవర్క్ అయిందా దగ్గరే ఆగిపోతోంది. అదంతా ఆజ్ఞల భాష. గీకు, రుద్దు, గట్టిగా నొక్కు, అంచు పల్చగా లాగు, కాస్త తుడువు... ఇవి చేతులతో పాటు వస్తేనే నోట్లో నిలుస్తాయి. ఆదివారం తెలుగు క్లాసులో వీటికి చోటుండదు. పైగా గోడ వైపు తిరిగి పనిచేస్తున్నప్పుడు పదమూడేళ్ల పిల్ల కూడా మాట్లాడుతుంది, ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పనివి చెబుతుంది.

వెలిసినట్టు కనిపించే మచ్చ సంగతి ముందు. పాత రంగున్న గోడ కొత్త రంగుని తొందరగా పీల్చదు. లప్పం పెట్టిన చోటు పీల్చేస్తుంది. దాంతో అక్కడ రంగు పొర బక్కచిక్కి, మెరుపు పోయి, చుట్టూ ఉన్న దానితో కలవదు. పూడ్చిన చోట ముందు ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే అడుగు పూత, వేస్తే ఈ బాధ ఉండదు. గోడకి వేసే ఎమల్షన్‌నే కాస్త నీళ్లు కలిపి పల్చగా ఒక కోటు వేసినా చాలావరకు సరిపోతుంది. మచ్చ ఇప్పటికే వచ్చేసిందా? రెండో కోటుతో పోవచ్చు. పోకపోతే ఆ చోట్లకి ప్రైమర్ వేసి, ఆరాక గోడంతా ఈ మూల నుంచి ఆ మూల దాకా మళ్లీ వేయాలి. మచ్చ మీద మాత్రమే బ్రష్‌తో అద్దితే ఒక మచ్చ పోయి ఇంకో పెద్ద మచ్చ మిగులుతుంది. మా అమ్మాయి "అంత గోడ ఎందుకు, చిన్న చోటేగా?" అంది. ఇక్కడ పెరిగే పిల్లలు ప్రతిదానికీ ఎందుకు అని అడగడం మన పెద్దలకి ఎదురు చెప్పినట్టు అనిపిస్తుంది. ఈ పనిలో ఆ అలవాటు చాలా మంచిది. లప్పం విషయంలో కారణం లేని నియమం ఒక్కటీ లేదు, అడిగిన ప్రతిదానికీ గోడ మీదే చూపించొచ్చు.

లోపలికి దిగిపోయిన మచ్చకి కారణం తొందర. డబ్బాలో కలిపి అమ్మే లప్పం అందులోని నీళ్లు ఆవిరై ఆరుతుంది. నీళ్లు పోయేకొద్దీ కుంచించుకుపోతుంది. లోతు గుంటని ఒకేసారి నింపితే పైన చర్మం కట్టి, లోపల మెత్తగానే ఉంటుంది. తర్వాత గుంట పడుతుంది, లేదా పగులుతుంది. కొన్ని మిల్లీమీటర్ల మందం చొప్పున పొరలుగా పెట్టాలి. ఒక్కో పొరకి ఎంత మందం అన్నది డబ్బా మీదే రాసి ఉంటుంది. చివరి పొర గోడకన్నా కొంచెం ఎత్తుగా వదిలి, పూర్తిగా ఆరాక రుద్ది సమం చేయాలి. 120 నంబరు సాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి ఇంకా నున్నటి 180కో 220కో వెళ్తే చాలు. పిల్లలు ముట్టుకుని చూసి "ఆరింది అమ్మా" అంటారు. ముట్టుకుంటే తెలిసేది పై చర్మం సంగతే.

పొడి లప్పం తీరు వేరు. జిప్సం పొడిలో నీళ్లు కలిపితే అది రసాయన చర్యతో గట్టిపడుతుంది, ఆవిరి కోసం చూడదు, కుంచించుకుపోవడం చాలా తక్కువ. లోతు గుంటలకి ఇదే మంచిది. కలిపిన గిన్నె అడుగున చెయ్యి పెట్టి మా అమ్మాయి "వేడెక్కుతోంది!" అని అరిచింది. కాల్చినప్పుడు జిప్సం పోగొట్టుకున్న నీటిని తిరిగి తీసుకుని స్ఫటికాలుగా కట్టుకుంటుంది, ఆ వేడి దానిదే. కెమిస్ట్రీ పుస్తకం తెరిచినా ఇంత శ్రద్ధ రాదు. గట్టిపడటం మొదలయ్యాక నీళ్లు పోసి మళ్లీ కలపకూడదు, బలం పోతుంది. గిన్నెకి అంటుకున్న పాత ముద్దలు గీకేయకపోతే కొత్తది ఇంకా త్వరగా గట్టిపడుతుంది. అందుకే గిన్నె కడిగే పని ఎవరిదన్న గొడవ ఎప్పుడూ ఉంటుంది.

రోలర్‌తో పాటే లప్పం ఊడి వచ్చేయడం అన్నిటికన్నా చిరాకు. సరిగా ఆరని లప్పం మీద తడి రోలర్‌ని అటూ ఇటూ నాలుగుసార్లు లాగితే అది నాని లేచిపోతుంది. రుద్దిన దుమ్ము తుడవకపోయినా పట్టు ఉండదు. లేచిపోయాక తడి మీద సర్దే ప్రయత్నం వద్దు. ఆరనిచ్చి, గీకి, రుద్ది, కొద్దిగా తడిపిన గుడ్డతో దుమ్ము తీసి, ప్రైమర్ వేసి, తేలిక చేత్తో మళ్లీ మొదలుపెట్టాలి.

ఇంకొక సంగతి. మనకి అలవాటైన ఇటుక గోడలకీ, జిప్సం బోర్డు గోడలకీ తేడా ఉంది. బోర్డు పైన కాగితం ఉంటుంది. పోస్టర్‌తో పాటు ఆ కాగితం చిరిగి గోధుమరంగు పొర బయటపడితే, దాని మీద తడి లప్పం తగిలిన చోటల్లా ఉబ్బినట్టు బుడగలు వస్తాయి. వదులుగా ఉన్న కాగితం అంచులు కోసేసి, ముందు తడి పీల్చకుండా ఆపే సీలర్ పూత వేసి, ఆ తర్వాతే లప్పం. తలుపు చట్రం పక్కన సందుకి లప్పం అసలు వద్దు, చెక్క కదిలినప్పుడల్లా పగులుతుంది. అక్కడ కాక్ అనే, సందులు పూడ్చే సాగే ముద్ద వాడాలి.

పాత ఇల్లయితే రుద్దేముందు ఆగండి, పాత రంగులో సీసం (లెడ్) ఉండొచ్చు. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. భారత్‌లో 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాల సీసం మించకూడదన్న పరిమితి 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంటే సెలవులకి వెళ్లే ఇంటి గోడలూ ఈ లెక్కలోకి వస్తాయి. పాత రంగుని పరీక్ష చేయించకుండా పొడిగా రుద్దకూడదు. ఆ దుమ్ములో పిల్లలు ఉండనే కూడదు.

రుద్దడం అయిందో లేదో తేల్చుకునే ఉపాయం వీడియో కాల్‌లో తాతయ్య చెప్పారు. గోడకి ఆనించి టార్చి వేసి పక్కనుంచి చూడమన్నారు. ఎగుడుదిగుడులన్నీ నీడలు పడి బయటపడ్డాయి. "నువ్వు భలే చెప్పావు తాతయ్యా" అంది మా అమ్మాయి. మీరు అనడం ఇంకా అలవాటు కాలేదు, ఆయన పట్టించుకోరు.

మిగిలింది రంగు గొడవ. తనకి ముదురు నీలం కావాలి, అదీ నిగనిగలాడేది. మెరుపు ఎంత ఎక్కువైతే లప్పం లోపాలు అంత బాగా కనిపిస్తాయని టార్చి వెలుతురులో చూపించాను. ముదురు నీలం సరే, మెరుపు లేని మ్యాట్ అయితేనే అన్నాను. ఒప్పుకుంది. బదులుగా సీలింగ్ నన్ను వేయమంది.